డచ్ గ్రామర్ మొదలుపెడుతున్నారా? తెలుగు మీదుగా వెళ్ళండి

నెదర్లాండ్స్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఉత్సాహంగా డచ్ మొదలుపెట్టి, రెండు మూడు నెలల్లో పుస్తకం మూసేయడం చాలాసార్లు చూశాను. అడిగితే అందరూ చెప్పేది ఒకటే: "మాటలు వస్తున్నాయి కానీ, వాక్యం కుదరడం లేదు." ఎందుకు కుదరడం లేదో గమనిస్తే నాకు ఒక విషయం అర్థమైంది. మనం ముందు ఇంగ్లీషులో వాక్యం కట్టుకుని, ఆ మాటల్ని ఒక్కొక్కటిగా డచ్‌లోకి మారుస్తున్నాం. ఇంగ్లీషూ డచ్చీ అక్కచెల్లెళ్ళ లాంటివే, మాటలు చాలా కలుస్తాయి. వాక్యం కట్టే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం డచ్ చాలా చోట్ల ఇంగ్లీషుకి దూరం జరిగి, తెలుగుకి దగ్గరగా వస్తుంది. ఈ సంగతి నాకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే ఒక ఏడాది కష్టం తప్పేది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు రెండు మాటలు. మనం డచ్ అంటున్న భాషను వాళ్ళు 'నేడర్లన్ట్స్' అంటారు. నెదర్లాండ్స్, బెల్జియంలోని ఫ్లాండర్స్, దక్షిణ అమెరికాలోని సురినామ్ కలిపి సుమారు రెండున్నర కోట్ల మంది మాట్లాడతారు. మన పెద్దలకి ఈ జనం కొత్తేమీ కాదు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్ వర్తకులు బందరులో అడుగుపెట్టారు. మనవాళ్ళు వాళ్ళని వలందులు అన్నారు. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది, భీమునిపట్నంలో వాళ్ళ సమాధులూ ఉన్నాయి.

ఇక్కడ డచ్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. రోమన్ అక్షరాలు కనబడగానే మన నోరు వాటిని ఇంగ్లీషులా చదివేస్తుంది, ఆ అలవాటు పోవడానికి నెలలు పడుతుంది. ముందు చెవికి, నోటికి అలవాటు చేసుకోండి. అసలు స్పెల్లింగ్ పక్కన పుస్తకం పెట్టుకుని చూసుకోవచ్చు.

మొదటి అడుగు: హ్రస్వం, దీర్ఘం

గ్రామర్ అని చెప్పి ఉచ్చారణతో మొదలుపెట్టానేమిటి అనుకోకండి. డచ్ స్పెల్లింగ్ రూల్స్ అన్నీ హ్రస్వ దీర్ఘాల మీదే నిలబడ్డాయి. అవి పట్టుబడకపోతే బహువచనం రాదు, క్రియ రాదు.

'మన్' అంటే మగమనిషి. 'మాన్' అంటే చంద్రుడు. తేడా ఒక్క దీర్ఘమే, మనకి పలక మీద అక్షరాలు దిద్దిన రోజు నుంచి తెలిసిన తేడా. డచ్ వాళ్ళు దీర్ఘం చూపించడానికి 'మాన్'లో 'ఏ' అనే రోమన్ అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. బహువచనం 'మానన్' అయ్యేసరికి ఒక్క ఏ చాలు, ఎందుకంటే ఇప్పుడు ఆ అచ్చుతోనే అక్షరం ముగుస్తోంది: మా-నన్. అలా అచ్చుతో ముగిసే చోట ఒక్కటి రాసినా దీర్ఘమే. మరి 'మన్'కి బహువచనం 'మనన్' రాయాలంటే? ఏ ఒక్కటే రాసి ఊరుకుంటే చంద్రులైపోతారు. అందుకని ఎన్ అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. అది ముందున్నది హ్రస్వమని చెప్పే గుర్తు, అంతే. మన ద్విత్వంలా ఒత్తి పలకకూడదు. మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

క, ట, ప శబ్దాల్లో మనకి ఒక లాభం ఉంది. ఇంగ్లీషువాళ్ళు మాట మొదట్లో వీటిని గాలి వదులుతూ పలుకుతారు. డచ్ వాళ్ళు మనలాగే గాలి లేకుండా పలుకుతారు. ట, డ అనేటప్పుడు నాలుక కాస్త ముందుకి, త, ద వైపు జరిపితే చాలు.

కష్టమైనవి కొన్ని ఉన్నాయి. 'ఖ' అని నేను రాసినచోటల్లా గొంతులోంచి గరగరగా రావాలి. హైదరాబాద్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు 'ఖబర్' అన్నప్పుడు వినబడే శబ్దం అది. దక్షిణ నెదర్లాండ్స్‌లో, బెల్జియంలో మెత్తగా పలుకుతారు, అదీ సరైనదే. మీరు అనే అర్థం వచ్చే 'యూ' పలకాలంటే పెదవులు 'ఉ'కి పెట్టి నోటితో 'ఈ' అనండి. ఇల్లు అనే మాటను 'హౌస్' అని రాస్తున్నాను కానీ, పెదవులు గుండ్రంగా పెట్టి 'ఎయ్' అంటే ఆ శబ్దానికి దగ్గరగా వస్తుంది. రోజూ ఐదు నిమిషాలు అద్దం ముందు చేయండి.

రెండో అడుగు: సర్వనామాలు, ఆరు క్రియలు

'ఇక్' నేను. 'యెయ్' నువ్వు. 'యూ' మీరు. 'హెయ్' అతను. 'జెయ్' ఆమె. 'వెయ్' మేము, మనం రెండూ. 'యులీ' మీరంతా. 'జెయ్' మళ్ళీ వాళ్ళు. ఆమె, వాళ్ళు రెండింటికీ ఒకే మాట కాబట్టి క్రియను చూసి తెలుసుకోవాలి.

ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్ళకి 'యెయ్', 'యూ' తేడా వివరించడానికి పుస్తకాల్లో పేజీలు పేజీలు రాస్తారు. మనకి 'నువ్వు', 'మీరు' అంటే సరిపోతుంది. కాకపోతే హద్దు వేరు. ఆఫీసులో మేనేజర్‌ని కూడా 'యెయ్' అనే అంటారు, అత్తగారిని కూడా కొన్ని ఇళ్ళలో అలాగే పిలుస్తారు. తెలియని పెద్దవాళ్ళు, డాక్టరు, పోలీసు, మునిసిపల్ ఆఫీసులో కౌంటర్ దగ్గర 'యూ' వాడండి. అనుమానం వస్తే 'యూ' అనండి. మర్యాద ఎక్కువైందని ఎవరూ నొచ్చుకోరు.

క్రియ రూపాలు మనకంటే తేలిక. 'వెర్కన్' అంటే పనిచేయడం. చివరి 'అన్' తీసేస్తే ధాతువు మిగులుతుంది: 'వెర్క్'. నేను అయితే అదే: 'ఇక్ వెర్క్'. నువ్వు, మీరు, అతను, ఆమె అయితే చివర ట్ చేర్చాలి: 'హెయ్ వెర్క్ట్'. బహువచనానికి మొత్తం మాట తిరిగొస్తుంది: 'వెయ్ వెర్కన్'. ప్రశ్న అడిగేటప్పుడు క్రియ ముందుకొస్తుంది, అప్పుడు 'యెయ్' దగ్గర మాత్రం ఆ ట్ రాలిపోతుంది: 'వెర్క్ యెయ్?' మిగతావాళ్ళ దగ్గర రాలదు: 'వెర్క్ట్ హెయ్?'

'ఇక్ వెర్క్' అంటే పనిచేస్తాను, పనిచేస్తున్నాను రెండూ. రేపు అని కలిపితే భవిష్యత్తు కూడా అదే. 'రేపు వస్తాను', 'రోజూ వస్తాను' రెండింటికీ మనం 'వస్తాను' వాడినట్టే. ఇంగ్లీషులో ఉన్న 'ఇంగ్' రూపం కోసం వెతక్కండి.

కంఠతా పట్టాల్సినవి ఆరు క్రియలు. మొదటి రెండూ పద్ధతి తప్పుతాయి. ఉండటం: 'ఇక్ బెన్, యెయ్ బెన్ట్, హెయ్ ఇస్, వెయ్ జెయ్న్'. కలిగి ఉండటం: 'ఇక్ హెప్, యెయ్ హెప్ట్, హెయ్ హేఫ్ట్, వెయ్ హెబన్'. వెళ్ళడం: 'ఇక్ ఖా, హెయ్ ఖాట్, వెయ్ ఖాన్'. ఇంకో మూడు సాయం చేసే క్రియలు: 'కన్' అంటే గలను, 'మూట్' అంటే చేయాలి, తప్పదు అన్న అర్థంలో, 'విల్' అంటే చేయాలని ఉంది. ఈ మూడూ నేను అన్నప్పుడూ, అతను అన్నప్పుడూ ఒకేలా ఉంటాయి. ట్ చేర్చే పని లేదు.

ఇక్కడ తెలుగు మనల్ని రెండుచోట్ల పడేస్తుంది, జాగ్రత్త. మనం 'వస్తున్నా' అని సర్వనామం లేకుండా అనేస్తాం, డచ్‌లో 'ఇక్' వదలకూడదు. అలాగే 'నేను టీచర్ని' అనడానికి మనకి క్రియ అక్కర్లేదు, డచ్‌లో 'బెన్' ఉండి తీరాలి: 'ఇక్ బెన్ లేరార్'. అయితే ఈ వాక్యంలో ఇంకో సంగతి గమనించండి. ఇంగ్లీషులో ఉద్యోగం పేరుకి ముందు ఒక 'ఎ' పెట్టాలి. డచ్‌లో మనలాగే ఏమీ పెట్టరు.

ఆకలి, దాహం కూడా చూడండి. 'ఇక్ హెప్ హొఙర్', 'ఇక్ హెప్ డొర్స్ట్'. నాకు ఆకలి, నాకు దాహం. 'నేను ఆకలిగా ఉన్నాను' అనే ఇంగ్లీషు పద్ధతి వాళ్ళకీ లేదు, మనకీ లేదు.

మూడో అడుగు: క్రియను రెండో స్థానానికి లాగండి

ఇదే అసలు విషయం. ఇది ఒక్కటి పట్టుబడితే మిగతా గ్రామర్ మీద టెన్షన్ సగం తగ్గుతుంది.

తెలుగులో ఒక వాక్యం అనుకోండి: నేను రేపు రైల్లో యూట్రెఖ్ట్‌కి వెళ్తున్నాను. ఇప్పుడు చివర ఉన్న క్రియను మాత్రమే పట్టుకుని రెండో స్థానంలోకి లాగండి. మిగతాది ముట్టుకోకండి.

నేను, వెళ్తున్నాను, రేపు, రైల్లో, యూట్రెఖ్ట్‌కి.

'ఇక్ ఖా మొర్ఖన్ మెట్ డ ట్రెయ్న్ నార్ యూట్రెఖ్ట్.'

ఒక్క మాట కూడా అటూ ఇటూ పోలేదు. ముందు ఎప్పుడు, తర్వాత ఎలా, ఆ తర్వాత ఎక్కడికి. మనం సహజంగా చెప్పే వరస ఇదే, డచ్ వరసా ఇదే. ఇంగ్లీషులో ఇది తలకిందులవుతుంది: ఊరు ముందు, రైలు మధ్యలో, రేపు చివర. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు ఈ వరసను గుర్తుపెట్టుకోవడానికి సూత్రాలు బట్టీ పడతారు. మీకు ఆ అవసరం లేదు.

తేడా ఒక్కటే. మనకి -లో, -కి మాట వెనక వస్తాయి, వాళ్ళకి 'మెట్', 'నార్' మాట ముందు వస్తాయి.

రెండో స్థానం అంటే రెండో పదం అని కాదు. రెండో ముక్క. వాక్యాన్ని 'రేపు'తో మొదలుపెట్టాలనిపిస్తే పెట్టండి. అప్పుడూ క్రియ రెండోదే, 'నేను' దాని వెనక్కి వెళ్తుంది: 'మొర్ఖన్ ఖా ఇక్ మెట్ డ ట్రెయ్న్ నార్ యూట్రెఖ్ట్.' 'మొర్ఖన్ ఇక్ ఖా' అన్నది కొత్తవాళ్ళందరూ చేసే తప్పు. మొదటి ముక్క ఎంత పొడుగున్నా దాని వెంటనే క్రియ రావాలి.

ఇప్పుడు రెండు క్రియలున్న వాక్యం. నేను డచ్ మాట్లాడగలను. 'మాట్లాడగలను' అనే మాటను చూడండి. 'మాట్లాడ' అనేది అర్థం. 'గలను' అనేది ఎవరి గురించో చెప్పే తోక, నేను అయితే గలను, నువ్వైతే గలవు. డచ్‌లో ముందుకి లాగేది ఆ తోకనే. 'మాట్లాడ' చివరే ఉండిపోతుంది.

నేను, గలను, డచ్, మాట్లాడ. 'ఇక్ కన్ నేడర్లన్ట్స్ స్ప్రేకన్.'

అలాగే 'నేను రేపు ఒక సైకిల్ కొనాలి': 'ఇక్ మూట్ మొర్ఖన్ అన్ ఫీట్స్ కోపన్.' ఈ 'కోపన్' చివర ఉండటం ఇంగ్లీషు తెలిసినవాళ్ళకి వింతగా ఉంటుంది. మనకి వింత ఏముంది? కొనడం అనేది మన వాక్యంలో ఎప్పుడూ చివరే కదా.

అసలు అద్భుతం దీని తర్వాత ఉంది. వాక్యంలో ఇంకో వాక్యం వచ్చి చేరినప్పుడు, అంటే 'అని', 'కాబట్టి' లాంటి మాటలతో కలిపినప్పుడు, లోపలి వాక్యంలో క్రియను లాగే పనే లేదు. అది పూర్తిగా మన వాక్యమే.

'ఇక్ డెఙ్క్ డట్ హెయ్ మొర్ఖన్ కొమ్ట్.' 'డట్' అంటే అని. దాని తర్వాత చదవండి: హెయ్, మొర్ఖన్, కొమ్ట్. అతను, రేపు, వస్తాడు.

ఇంకాస్త పొడుగ్గా చూద్దాం. 'ఒమ్‌డట్' అంటే ఎందుకంటే. 'ఒమ్‌డట్ ఇక్ ఖిస్టరన్ ఇన్ యూట్రెఖ్ట్ అన్ ఫీట్స్ ఖకొఖ్ట్ హెప్.' ఎందుకంటే నేను నిన్న యూట్రెఖ్ట్‌లో ఒక సైకిల్ కొని ఉన్నాను. వేలు పెట్టి ఒక్కో మాటా సరిచూసుకోండి. మొదటిసారి ఇది గమనించిన రోజు ఆ వాక్యాన్ని పదిసార్లు పైకి చదివాను. అంత దూరం వచ్చి మన వాక్యం మనకి ఎదురైనట్టు అనిపించింది.

ఇది యాదృచ్ఛికంగా కలిసింది కాదు. డచ్ వాక్యానికి అడుగున ఉన్న అసలు వరస కర్త, కర్మ, క్రియ అనీ, ప్రధాన వాక్యంలో మాత్రం క్రియ ముందుకి జరుగుతుందనీ యాన్ కోస్టర్ అనే డచ్ భాషాశాస్త్రవేత్త 1975లో వాదించారు. ఆ తర్వాత చాలామంది పండితులు ఆ దారినే నడిచారు. అంటే మనం చేస్తున్న 'లాగడం' గుర్తుపెట్టుకోవడానికి చెప్పిన చిట్కా మాత్రమే అనుకోనక్కర్లేదు. ఆ భాష పనిచేసే తీరే అది.

ఒక హెచ్చరిక: 'వన్ట్' అనే ఇంకో మాట కూడా ఉంది, దానికీ 'ఎందుకంటే' అనే అర్థం. దాని తర్వాత మాత్రం క్రియ మామూలుగా రెండో స్థానంలోనే ఉంటుంది. 'ఇక్ కొమ్ నీట్, వన్ట్ ఇక్ బెన్ జీక్.' 'ఇక్ కొమ్ నీట్, ఒమ్‌డట్ ఇక్ జీక్ బెన్.' రెండూ ఒకటే: నేను రావడం లేదు, ఎందుకంటే ఒంట్లో బాగాలేదు. మొదటి నెలంతా 'వన్ట్'తో నడిపించి, ధైర్యం వచ్చాక 'ఒమ్‌డట్'కి మారండి.

రోజూ రాత్రి ఇలా చేయండి. ఆ రోజు జరిగినవి ఐదు వాక్యాలు తెలుగులో నోట్‌బుక్‌లో రాయండి. చివరి క్రియ చుట్టూ గుండ్రంగా గీసి, బాణం గుర్తుతో రెండో స్థానంలోకి తీసుకెళ్ళండి. తర్వాతే డచ్ మాటలు పెట్టండి. మాట తెలియకపోతే ఖాళీ వదిలేయండి, వరస మాత్రం తప్పకూడదు. మూడు వారాల్లో చేయి దానంతటదే ఆ బాణం గీస్తుంది.

నాలుగో అడుగు: 'డ', 'హెట్'

ప్రతి నామవాచకానికీ ముందు 'డ' కానీ 'హెట్' కానీ వస్తుంది. 'డ టాఫల్', బల్ల. 'హెట్ హౌస్', ఇల్లు. ఏది ఎందుకో చెప్పే పూర్తి సూత్రం లేదు. మాటతో పాటే నేర్చుకోవాలి. నోట్‌బుక్‌లో ఎప్పుడూ 'హౌస్' అని రాయకండి, 'హెట్ హౌస్' అనే రాయండి. ఇదొక్కటి మొదటి రోజు నుంచి పాటించండి, తర్వాత సరిదిద్దుకోవడం చాలా కష్టం.

పూర్తి సూత్రం లేకపోయినా కొన్ని గట్టి ఆధారాలున్నాయి. మూడింట రెండు వంతులకు పైగా మాటలు 'డ'వే. బహువచనమైతే అన్నీ 'డ'నే: 'హెట్ హౌస్', కానీ 'డ హౌజన్'. మనుషుల్ని, వృత్తుల్ని చెప్పే మాటలు దాదాపు అన్నీ 'డ'. భాషల పేర్లు 'హెట్'. చిన్నది, ముద్దుది అని చెప్పడానికి చివర 'య' లేదా 'ట్య' చేరుస్తారు, ఆ మాటలన్నీ 'హెట్'. కప్పు 'డ కొప్', చిన్న కప్పు 'హెట్ కొప్య'. డచ్ వాళ్ళు ఈ చిన్న రూపాలు తెగ వాడతారు. కాఫీ కావాలన్నా, ఒక్క నిమిషం ఆగమన్నా చివర ఆ 'య' వినబడుతుంది. ఇదే కారణంగా అమ్మాయి అనే మాట 'హెట్ మెయ్ష'. 'హెట్' మాటలు నపుంసకలింగం కాబట్టి, ఆడపిల్లకి నపుంసకలింగమా అని ఇంగ్లీషువాళ్ళు ఆశ్చర్యపోతారు. మనం 'అమ్మాయి వచ్చింది', 'బండి వచ్చింది' అని ఒకే క్రియ వాడే భాషవాళ్ళం. మనకి ఇందులో ఆశ్చర్యం లేదు.

ఇది, అది అనేవి కూడా దీన్ని బట్టే మారతాయి. 'డ' మాటలకి 'డేజ', 'డీ'. 'హెట్' మాటలకి 'డిట్', 'డట్'.

విశేషణానికి చివర 'అ' చేరుతుంది: 'డ ఖ్రోట టాఫల్', 'హెట్ ఖ్రోట హౌస్'. చేరని సందర్భం ముఖ్యంగా ఒకటే గుర్తుపెట్టుకోండి. 'హెట్' మాటకి ముందు 'ఒక' అనే 'అన్' వస్తే 'అ' ఉండదు: 'అన్ ఖ్రోట్ హౌస్'.

తప్పు చెప్తే ఏమవుతుంది? అందరికీ అర్థమవుతుంది. దశాబ్దాలుగా ఇక్కడ ఉన్నవాళ్ళు కూడా ఇందులో తడబడతారు. దీని కోసం మాట్లాడటం ఆపకండి.

బహువచనం సంగతి ఇక్కడే ముగించేద్దాం. చాలా మాటలకి 'అన్' చేరుతుంది, టాఫల్ లాంటి వాటికి 'స్' చేరుతుంది. 'కిన్ట్' అంటే పిల్లవాడు, పిల్లలు 'కిండరన్'. 'స్టట్' అంటే పట్టణం, పట్టణాలు 'స్టేడన్'. ఇలాంటివి కొన్నే, ఎదురైనప్పుడు నేర్చుకోండి.

లేదు, కాదు అనడానికి రెండు మాటలు. 'అన్' ఉండాల్సిన చోట, లేదా ముందు ఏమీ లేని నామవాచకం దగ్గర 'ఖేన్': 'ఇక్ హెప్ ఖేన్ ఫీట్స్', నాకు సైకిల్ లేదు. మిగతా చోట్ల 'నీట్', అది తరచుగా మన 'లేదు'లా వాక్యం చివరికి పోతుంది: 'ఇక్ కొమ్ మొర్ఖన్ నీట్', నేను రేపు రావడం లేదు. విశేషణం ఉంటే దాని ముందు నిలబడుతుంది: 'ఇక్ బెన్ నీట్ జీక్.'

ఐదో అడుగు: జరిగిపోయినది చెప్పడం, పరుషాలు, సరళాలు

మాట్లాడేటప్పుడు గతాన్ని ఎక్కువగా 'హెప్' కలిపి చెప్తారు. క్రియకి ముందు 'ఖ', చివర ట్ లేదా డ్ చేరుతుంది, ఆ మాట వాక్యం చివరికి వెళ్తుంది: 'ఇక్ హెప్ ఖిస్టరన్ ఖవెర్క్ట్', నిన్న పనిచేశాను.

ట్ ఎప్పుడు, డ్ ఎప్పుడు? డచ్ బడుల్లో దీనికి 'ట్ కొఫ్‌స్ఖిప్' అని ఒక రకం పాతకాలపు ఓడ పేరు నేర్పిస్తారు. ఆ మాటలో ఉన్న హల్లులు, ట, క, ఫ, స, ఖ, ప, క్రియలో 'అన్'కి ముందు వస్తే ట్, లేకపోతే డ్. మనకి ఓడ అక్కర్లేదు. తెలుగు వ్యాకరణంలో పరుషాలు, సరళాలు చదివాం కదా. క, ట, ప పరుషాలు. వాటితో పాటు గొంతు మోగకుండా గాలితో వచ్చే ఫ, స, ఖ కలపండి. గొంతు మీద చెయ్యి పెట్టి చూడండి. మోగకపోతే ట్, మోగితే డ్. పనిచేయడం 'వెర్కన్', క ఉంది, 'ఖవెర్క్ట్'. నివసించడం 'వోనన్', న మోగుతుంది, కాబట్టి డ్ రాయాలి. పలికేటప్పుడు మాత్రం 'ఖవోన్ట్' అనే వినబడుతుంది. ఎందుకంటే డచ్‌లో మాట చివర సరళం పరుషంగా మారిపోతుంది. హెబన్‌లోని బ, 'హెప్'లో ప అయింది అందుకే.

పరీక్ష ధాతువు మీద చేయకూడదు, 'అన్' తీసేయకముందు ఉన్న హల్లు మీద చేయాలి. ప్రయాణించడం 'రెయ్జన్'. అక్కడ జ మోగుతోంది, కాబట్టి డ్, ధాతువు విడిగా రాస్తే 'రెయ్స్' అయినా సరే.

వెళ్ళడం, రావడం, మారడం లాంటి క్రియలకి 'హెప్' బదులు 'బెన్' వస్తుంది: 'ఇక్ బెన్ నార్ హౌస్ ఖఖాన్', ఇంటికి వెళ్ళాను. కొనడం ఖకొఖ్ట్, తినడం ఖఖేటన్ అయినట్టు, బాగా వాడే క్రియలు కొన్ని రూపం మార్చుకుంటాయి. వాటిని రోజుకి మూడు చొప్పున నేర్చుకోండి, పట్టికలు మొత్తం ఒకేసారి ముందేసుకోకండి.

ఆరో అడుగు: విడిపోయే క్రియలు, గడియారం

'ఒప్‌స్టాన్' అంటే లేవడం. 'నేను ఆరింటికి లేస్తాను' అనాలంటే క్రియ రెండో స్థానానికి వెళ్ళేటప్పుడు 'ఒప్' దానితో వెళ్ళదు, చివర ఉండిపోతుంది: 'ఇక్ స్టా ఒమ్ జెస్ యూర్ ఒప్.' సాయం క్రియ వస్తే రెండూ చివర కలుసుకుంటాయి: 'ఇక్ మూట్ ఒమ్ జెస్ యూర్ ఒప్‌స్టాన్.' మూడో అడుగు అర్థమైతే ఇదీ అర్థమైనట్టే. కాకపోతే వినేటప్పుడు వాక్యం పూర్తయ్యేదాకా ఆగాలి. 'బెల్' విని ఊరుకుంటే చాలదు, చివర 'ఒప్' వస్తే ఫోన్ చేయడం, 'ఆన్' వస్తే గుమ్మం గంట కొట్టడం. తెలుగులో క్రియ కోసం చివరిదాకా వినడం మనకి అలవాటే.

గడియారం విషయంలో మాత్రం తెలుగుని పూర్తిగా పక్కన పెట్టండి. 'హల్ఫ్ డ్రీ' అంటే మూడున్నర కాదు, రెండున్నర. మూడు అవ్వడానికి అరగంట ఉంది అని వాళ్ళ లెక్క. వచ్చిన కొత్తలో పాపకి జ్వరమని డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఫోన్‌లో 'హల్ఫ్ డ్రీ' అన్నారు. నేను మూడున్నర అనుకుని గంట ఆలస్యంగా వెళ్ళాను. ఆ రోజు చూడటం కుదరదన్నారు. జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకుని వర్షంలో వెనక్కి నడిచిన ఆ రోజు నాకు ఇంకా గుర్తుంది. మీకు అలా జరగకూడదు. టైం చెప్పినప్పుడల్లా అంకెల్లో తిరిగి చెప్పించుకోండి: 14.30 అని.

అంకెలూ తిరగబడతాయి. 21 అంటే 'ఏనన్‌ట్వింటఖ్', ఒకటీ ఇరవై. ఫోన్ నంబరు రెండేసి అంకెలుగా చెప్తుంటే 45 బదులు 54 రాసుకునే ప్రమాదం ఉంది. ఇంటి నంబర్లు చదువుతూ వీధిలో నడవండి, రెండు వారాల్లో అలవాటవుతుంది.

ఇంకో చిన్న విషయం, నాకు చాలా ఇష్టమైనది. మనం 'ఉంది' అనే చోట డచ్ వాళ్ళు వస్తువు ఎలా ఉందో కూడా చెప్తారు. సీసా నిలబడి ఉంటుంది, 'స్టాట్'. పుస్తకం బల్ల మీద పడుకుని ఉంటుంది, 'లిఖ్ట్'. తాళంచెవి జేబులో కూర్చుని ఉంటుంది, 'జిట్'. వంటగదిలో ఒక్కో వస్తువునీ చూస్తూ పిల్లలతో కలిసి ఇది ఆడండి.

ఎక్కడ, ఎలా సాధన చేయాలి

రోజుకి ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ చేయాలి. మొదటి రెండు వారాలు ఉచ్చారణ, ఆరు క్రియలు. తర్వాత ఒక నెల మూడో అడుగు మాత్రమే. దాన్ని తొందరపెట్టకండి. 'డ', 'హెట్' నోట్‌బుక్ మొదటి రోజు నుంచి పక్కన నడుస్తూనే ఉండాలి.

గ్రోనింగన్ విశ్వవిద్యాలయం ఫ్యూచర్‌లెర్న్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో పెట్టిన ప్రారంభ కోర్సు ఇండియాలో ఉండగానే మొదలుపెట్టుకోవచ్చు. ఇక్కడికి వచ్చాక 'యోఖ్ట్‌జుర్నాల్' చూడండి. పిల్లల కోసం 1981 నుంచి వస్తున్న టీవీ వార్తలు అవి, వాక్యాలు చిన్నవి, మాటలు స్పష్టంగా ఉంటాయి. చాలా ఊళ్ళలో పబ్లిక్ లైబ్రరీల్లో 'టాల్‌కఫే' పేరుతో కొత్తవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే వీలుంటుంది. సిగ్గుపడకుండా వెళ్ళండి. సూపర్‌మార్కెట్ కరపత్రం కూడా మంచి పాఠమే. రైల్లో వచ్చే ప్రకటనలు రోజూ ఒకే మూసలో ఉంటాయి, నాలుగో రోజుకి క్రియ ఎక్కడుందో వినబడటం మొదలవుతుంది.

పరీక్ష సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడి భాష, సమాజం గురించి నేర్చుకుని పరీక్ష పాసవ్వాలనే కొత్త ఇంటిగ్రేషన్ చట్టం 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ బాధ్యత ఉన్నవాళ్ళకి సాధారణంగా బీ1, అంటే యూరప్ భాషా కొలతల్లో మధ్య స్థాయి, లక్ష్యం. ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళకి మామూలుగా ఆ బాధ్యత ఉండదు, కానీ పౌరసత్వం కావాలంటే భాష పరీక్ష తప్పదు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ ఉంటాయి. రూల్స్ మారుతుంటాయి, అప్లై చేసే ముందు పరీక్షలు నిర్వహించే 'డ్యువో' వెబ్‌సైట్ చూసుకోండి.

చివరగా, మీకు రోజూ ఎదురయ్యే అడ్డంకి. మీరు ఒక తప్పు మాట అనగానే ఎదుటివాళ్ళు ఇంగ్లీషులోకి మారిపోతారు. వాళ్ళ ఉద్దేశం మీకు సాయం చేయడమే. అప్పుడు వెనక్కి తగ్గకుండా, నవ్వుతూ ఈ రెండు వాక్యాలు చెప్పండి:

'మఖ్ ఇక్ నేడర్లన్ట్స్ మెట్ యూ ప్రాటన్? ఇక్ లేర్ హెట్ నొఖ్.'

మీతో డచ్‌లో మాట్లాడవచ్చా? ఇంకా నేర్చుకుంటున్నాను. 'మఖ్' అంటే మన 'వచ్చా', ముందుకొచ్చింది. 'ప్రాటన్' అంటే మాట్లాడటం, చివర నిలబడింది. శనివారం సంతలో కూరగాయలు కొనేటప్పుడు మొదటిసారి అడిగి చూడండి. అక్కడ తొందరపెట్టేవాళ్ళు తక్కువ, అంకెలూ 'య'లూ వద్దన్నా వినబడతాయి.